మేనల్లుడికి మొదటి రేజర్: పాతకాలం షేవింగ్ కిట్టు ఎలా ఎంచుకోవాలి, ఎలా నేర్పాలి

మా మేనల్లుడి పుట్టువెంట్రుకలు నా ఒళ్లో కూర్చోబెట్టే తీశారు. వాడి ఏడుపు, నా కొత్త చొక్కా నిండా వెంట్రుకలు, అన్నీ గుర్తున్నాయి. పదహారేళ్లు తిరిగేసరికి, మొన్న వేసవిలో మా అక్క వాణ్ణి వెంటబెట్టుకుని తెనాలి నుంచి గుంటూరు వచ్చింది. "వీడి మీసం చూడరా, కాటుక పూసుకున్నట్టుంది. వాళ్ల నాన్న ట్రిమ్మర్ తీసి రోజూ ఏదో ఒకటి చేసుకుని మొహం ఎర్రగా చేసుకుంటున్నాడు. ఏం కొనాలో నువ్వే చూసి కొనిపెట్టు" అంది.

వాడు అప్పటికే లిస్టు రాసుకుని వచ్చాడు. సెలూన్లో వాడే ఉస్తరా కత్తి, దాన్ని నూరుకునే తోలు పట్టీ, బ్యాడ్జర్ అనే జంతువు వెంట్రుకల బ్రష్షు, చెక్క గిన్నె, ఒక ఇటలీ సబ్బు. మొత్తం ఆరు వేలు దాటింది. చివరికి మేం 1,280 రూపాయలకు అన్నీ కొనుక్కుని ఇంటికొచ్చాం. ఆ లిస్టు ఈ లిస్టుగా ఎలా మారిందో, కొన్నాక ఏం చేశామో వరసగా చెప్తాను. మీ ఇంట్లోనూ నూనూగు మీసాలవాడు ఒకడుంటే పనికొస్తుంది.

ముందే ఒక మాట. మొదటి కిట్టులో చూడాల్సింది అందం కాదు. కుర్రాడి చెయ్యి తప్పినా మొహానికి దెబ్బ తగలనివ్వని సామాను కావాలి. అలా చూస్తే శ్రద్ధంతా నురుగు మీద పెట్టాలి, రేజర్ సంగతి ఆ తర్వాత. నురుగు సరిగ్గా ఉంటే మామూలు రేజర్ కూడా నున్నగా గీస్తుంది. నురుగు లేకపోతే జర్మనీ నుంచి తెప్పించినదైనా చర్మం గీకేస్తుంది.

1. ముందు మొహం చూడండి

గడ్డం ఒక్కసారిగా రాదు. మొదట పై పెదవి చివర్లలో నల్లబడుతుంది, తర్వాత మీసమంతా కమ్ముతుంది, ఆ తర్వాత చెంపల మీద, కింది పెదవి కింద మొలుస్తుంది. గడ్డం, దవడలు ఆఖరున నిండుతాయి. ఒక్క మీసం మాత్రమే మొలిచిన పిల్లాడికి రేజర్ అక్కర్లేదు, ట్రిమ్మర్ చాలు. గడ్డం దగ్గర వేలితో ఎదురు రాస్తే గరుకుగా తగులుతోందంటే కిట్టు కొనే వేళయినట్టే.

మొటిమలు అక్కడక్కడా ఉంటే వాటిని తప్పించి చుట్టూ గీసుకోవచ్చు. చీము పట్టినవి మొహమంతా ఉంటే మాత్రం ముందు చర్మ డాక్టరుకు చూపించండి. మొటిమలకు ఐసోట్రెటినోయిన్ బిళ్లలు వాడుతున్న పిల్లల చర్మం పల్చబడి తొందరగా చీరుకుంటుంది. దెబ్బ తగిలితే కండలా పెరిగే చర్మం ఉన్నవాళ్లు, రక్తం తొందరగా గడ్డకట్టనివాళ్లు కూడా అడిగాకే మొదలుపెట్టాలి.

ఇక మా అమ్మ అభ్యంతరం వేరు. "ఇప్పుడే గీయిస్తే ముళ్లలా వస్తుందిరా" అని. ఇది ప్రతి ఇంట్లోనూ ఉన్న మాటే. మిల్డ్రెడ్ ట్రాటర్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1928లోనే దీన్ని కొలిచి చూసి, గీయడం వల్ల వెంట్రుక మందమూ మారదు, పెరిగే వేగమూ మారదు అని తేల్చారు. సహజంగా పెరిగిన వెంట్రుక కొన సన్నగా ఉంటుంది. గీశాక మొద్దుగా తెగిన కొన పైకొస్తుంది కాబట్టి చేతికి ముల్లులా తగులుతుంది. మా అమ్మ అంతా విని, "సరే, మంగళవారం మాత్రం వద్దు" అంది. ఆదివారం పెట్టుకున్నాం. ఇలాంటి వాటి మీద పెద్దవాళ్లతో వాదన పెట్టుకుని లాభం లేదు. అన్నట్టు, కుర్రాడు అయ్యప్ప మాలో భవానీ మాలో వేసుకునే ఆలోచనలో ఉంటే కిట్టు దీక్ష విరమించాకే కొనండి. ముందే కొంటే అన్ని రోజులూ దాని వంక చూస్తూ కూర్చోవాలి.

2. కొళాయి తిప్పండి

షేవింగ్ గురించి చెప్పేవాళ్లు చాలామంది వదిలేసే విషయం ఇది. మన ఊళ్లలో మాత్రం మొదట చూడాల్సింది ఇదే. బెజవాడలోనైనా గుంటూరులోనైనా మునిసిపాలిటీ కొళాయిలో వచ్చేది కృష్ణ నీరు, దాంతో నురుగు బాగానే వస్తుంది. అపార్టుమెంటు బోరు నీళ్లు అలా కాదు. చాలాచోట్ల ఉప్పగా ఉంటాయి, బకెట్టు అంచున తెల్లటి చార పడుతుంది. స్కూల్లో కఠిన జలం అని చదువుకున్నామే, అదే. ఆ నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు సబ్బుతో కలిసి నీళ్లలో కరగని తెట్టు కడతాయి. నురుగు కావాల్సిన సబ్బంతా ఆ తెట్టుకే పోతుంది. కుర్రాడేమో క్రీము బాగాలేదనుకుని ఇంకా ఇంకా పిండుతాడు.

మీ నీళ్లు ఎలాంటివో తెలుసుకోవడానికి ఒక ఖాళీ సీసా చాలు. సగం నీళ్లు పోసి, ఒంటి సబ్బు గోరంత ముక్క వేసి, మూత పెట్టి బాగా కుదపండి. ఐదు నిమిషాల తర్వాత పైన నురుగు నిలబడి, కింద నీళ్లు కాస్త తేటగా ఉంటే దిగుల్లేదు. నురుగు కుంగిపోయి, నీళ్లు పాలలా తెల్లబడి, పైన తెట్టు తేలితే మీది బోరు నీళ్ల కష్టమే.

దీనికి ఫిల్టర్లేమీ కొనక్కర్లేదు. వంటింట్లో 20 లీటర్ల మంచినీళ్ల క్యాను ఉంటుంది కదా. బ్రష్షు తడపడానికి, నురుగు చేసుకోవడానికి అందులోంచి ఒక్క గ్లాసు చాలు. మొహం కడగడానికి, రేజర్ జాడించడానికి బోరు నీళ్లే వాడుకోవచ్చు. ఈ ఒక్క గ్లాసు తేడా ఎంతో మా వాడు చూస్తే గానీ నమ్మలేదు. ఒకే క్రీము, ఒకే బ్రష్షు. బోరు నీళ్లతో చేసింది రెండు నిమిషాలకే నీరుగారిపోయింది, క్యాను నీళ్లతో చేసింది గిన్నెలో కదలకుండా కూర్చుంది.

నీళ్లు తెలిస్తే మిగతా కొనుగోలు సగం తేలికవుతుంది. బోరు నీళ్ల ఇంట్లో సబ్బు బిళ్ల కంటే ట్యూబు క్రీముతో నురుగు తేలిగ్గా వస్తుంది. రేజర్ కూడా విప్పి కడుక్కునేదే ఉండాలి, లేకపోతే తెట్టు లోపల పేరుకుపోతుంది.

3. బ్రష్షు, గిన్నె, క్రీము

బ్రష్షులు నాలుగు రకాలు: బ్యాడ్జర్, పంది, గుర్రం, సింథటిక్. మొదటి బ్రష్షు సింథటిక్‌దే కొనండి. ముందుగా నానబెట్టే పని లేదు, కొద్దిపాటి క్రీముతోనే నురుగు వస్తుంది, మన ఉక్కలోనూ తొందరగా ఆరుతుంది. జంతువుల వెంట్రుకలవి సరిగ్గా ఆరకపోతే వాసన పడతాయి. పంది వెంట్రుకల బ్రష్షు మెత్తబడాలంటే పది ఇరవై సార్లు వాడాలి, అంతవరకూ మొటిమల మొహానికి గుచ్చుకుంటుంది. పైగా మన చుట్టూ పంది వెంట్రుక ఇంట్లోకే రానివ్వని కుటుంబాలున్నాయి. డబ్బా మీద "ప్యూర్ బ్రిసిల్" అని ఉంటే మామూలుగా అది పంది వెంట్రుకే. బహుమతిగా ఇచ్చేవాళ్లు ఇది తప్పకుండా చూసుకోవాలి.

కుచ్చు మొదలు దగ్గర 22 నుంచి 24 మిల్లీమీటర్లున్నది కుర్రాడి మొహానికి సరిపోతుంది. అంతకంటే పెద్దదైతే నురుగు ముక్కులోకి, చెవుల్లోకి పోతుంది. కొట్లో బ్రష్షును అరచేతిలో నొక్కి గుండ్రంగా తిప్పి చూడండి. గుచ్చుకోకూడదు, వదిలితే వెంటనే నిలబడాలి. ఒకటి రెండు వెంట్రుకలు రాలితే ఫర్వాలేదు, అరచేతి నిండా రాలితే పక్కన పెట్టేయండి.

గిన్నె కొనకండి. వంటింట్లో పాత స్టీలు గిన్నె, కాస్త వెడల్పుది, ఒకటి అడిగి తీసుకోండి. తిరిగి వంటింట్లోకి వెళ్లకుండా దానికో గుర్తు పెట్టండి, లేకపోతే అక్షింతలు మీకే.

క్రీము విషయంలో పెద్దగా ఆలోచించక్కర్లేదు. కిరాణా కొట్లో దొరికే గోద్రెజ్, పామోలివ్, ఓల్డ్ స్పైస్ లాంటి ట్యూబు ఏదైనా పని చేస్తుంది. మొటిమలున్నవాడికి ఘాటు వాసనవి, మెంథాల్‌తో జివ్వుమనేవి వద్దు. నొక్కితే నురుగొచ్చే డబ్బాలు కూడా వద్దు. ఆ నురుగు గాలితో ఉబ్బినది, చూడ్డానికి గుట్టలా ఉన్నా పల్చన. బ్రష్షు చేసే అసలు పని అందులో జరగదు. బ్రష్షు వెంట్రుక మొదలు దాకా నీళ్లు పట్టించి మెత్తబరుస్తుంది, అణిగి ఉన్నదాన్ని లేపి నిలబెడుతుంది.

నురుగు చేయడం ఇలా. చింతగింజంత క్రీము గిన్నె అడుగున పెట్టండి. బ్రష్షును తడిపి రెండుసార్లు విదిలించండి, కారుతూ ఉండకూడదు. గుండ్రంగా తిప్పడం మొదలుపెడితే అర నిమిషానికి పెద్ద పెద్ద బుడగలొస్తాయి. మా వాడు అక్కడే బ్రష్షు మొహం దాకా ఎత్తాడు.

"అయిపోయింది మావయ్యా."

"అది బట్టల సబ్బు నురుగురా, ఇంకా తిప్పు."

వేళ్లతో నాలుగు చుక్కల నీళ్లు చల్లి ఇంకో నిమిషం తిప్పించాను. బుడగలు సన్నబడి, మెరుపు వచ్చి, గిన్నె వంచినా జారని మీగడ పెరుగులా అయింది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్దితే నూనె రాసినట్టు జారాలి. అంటుకుంటుంటే నీళ్లు చాల్లేదు, కారిపోతుంటే ఎక్కువైనట్టు. మూడు రోజులు గీయడం ఊసే ఎత్తకుండా వాడిచేత నురుగు మాత్రమే చేయించాను. రాసుకోవడం, కడిగేసుకోవడం, అంతే. విసుక్కున్నాడు గానీ నాలుగో రోజుకు నాకంటే బాగా చేశాడు.

4. రేజర్

ఉస్తరా వద్దని వాడికి చెప్పడానికే పూట పట్టింది. సెలూన్లో ఆయన బ్లేడును కాగితంలోనే సగానికి విరిచి ఉస్తరాలో బిగించి గీస్తుంటే ఎంత తేలికో అనిపిస్తుంది. దాని వెనక ఏళ్ల తరబడి చేతి సాధన ఉంది, పైగా ఆయన గీసేది ఎదుటివాడి మొహం. మన మొహం మనమే అద్దంలో చూసుకుంటూ గీసేటప్పుడు కుడి ఎడమలు తారుమారవుతాయి. ఉస్తరాలో బ్లేడు అంచుకు అడ్డం ఏదీ ఉండదు. మొదటి రేజర్‌కు ఆ అడ్డమే ముఖ్యం.

ఆ అడ్డం ఉన్నదే సేఫ్టీ రేజర్. పైన వంపు తిరిగిన మూత, కింద పళ్లెం, మధ్యలో రెండంచుల బ్లేడు. దీన్ని జనంలోకి తెచ్చింది కింగ్ క్యాంప్ జిల్లెట్. అమ్మకాలు మొదలైన 1903లో అమ్ముడుపోయినవి 51 రేజర్లు, 168 బ్లేడ్లు అని చెప్తారు. 1904లో అమెరికాలో పేటెంటు వచ్చింది. ఆ తర్వాత బ్లేడు కొలతలు ప్రపంచమంతా ఒకటిగా స్థిరపడ్డాయి: సుమారు 43 మిల్లీమీటర్ల పొడవు, 22 వెడల్పు, మందం 0.1. అందుకే ఈ రేజర్ ఏ దేశంలో కొన్నా మన వీధి చివర కొట్లోని బ్లేడు అందులో కూర్చుంటుంది. బ్లేడ్ల తల మొత్తంగా మార్చుకునే కార్ట్రిడ్జ్ రేజర్‌కు ఈ వెసులుబాటు లేదు, ఆ కంపెనీవే కొంటూ పోవాలి. పైగా ఎక్కువ బ్లేడ్ల కార్ట్రిడ్జ్ వెంట్రుకను చర్మం మట్టం కంటే లోపలికి కోసేస్తుంది. రింగులు తిరిగే గడ్డమైతే ఆ వెంట్రుక లోపలే మొలిచి గుల్లలా పొంగుతుంది.

కొట్లో అడగాల్సిన మాట "మైల్డ్", అంటే బ్లేడు అంచు చర్మానికి తక్కువగా తగిలేది. కింది పళ్లెం అంచు నున్నటి గట్టులా ఉన్నదే తీసుకోండి. దువ్వెన పళ్లలా చీలి ఉంటే అది ఓపెన్ కోంబ్, దట్టమైన గడ్డాలకు. తల వాలుగా మెలితిరిగి ఉంటే స్లాంట్, అదీ వద్దు. పిడి దగ్గర తిప్పి బ్లేడు దూకుడు పెంచుకునే అడ్జస్టబుల్ రకం కుర్రాళ్లకు అస్సలు వద్దు, రెండో రోజే చివరి నంబరుకు తిప్పి చూస్తారు. డబ్బుకు వెనకాడనివాళ్లకు మెర్కుర్ 34సి, మూలె ఆర్89, ఎడ్విన్ జాగర్ డీఈ89 మైల్డ్‌గా పేరున్నవి. మన దేశంలో తయారైనవాటిలోనూ ఐదారు వందల నుంచే పనికొచ్చేవి ఉన్నాయి. మేం తీసుకున్నది అలాంటిదే, 750.

మూత, పళ్లెం, పిడి మూడూ విడివడే రకం నాకిష్టం. పిడి చివర తిప్పితే తల తలుపుల్లా తెరుచుకునే బటర్‌ఫ్లై రకం ముచ్చటగా ఉంటుంది, బ్లేడు వేయడమూ తేలికే. కానీ బోరు నీళ్ల తెట్టు ఆ సందుల్లో చేరి కొన్నాళ్లకు మొరాయిస్తుంది. బరువు కాస్త ఉండాలి, 70 నుంచి 90 గ్రాములు బాగుంటుంది. ప్లాస్టిక్ పిడివి తేలిగ్గా ఉంటాయి కాబట్టి కుర్రాడు నొక్కుతాడు. ఆ నొక్కుడుతోనే గాట్లు పడతాయి. చాలా రేజర్ల తలలు జింక్ మిశ్రమం మీద క్రోమ్ పూత వేసినవి, బాత్రూం గచ్చు మీద పడితే మర దగ్గర విరిగే ప్రమాదముంది. సబ్బు చేత్తో పట్టుకున్నా జారకుండా పిడి మీద గరుకు గీతలు ఉన్నదే చూడండి.

డబ్బులిచ్చే ముందు ఒక పరీక్ష. బ్లేడు వేసి బిగించి, తలను కంటికి ఎదురుగా పట్టుకోండి. రెండు వైపులా బ్లేడు అంచు ఒకే వెడల్పున, పళ్లెం గట్టుకు సమాంతరంగా కనపడాలి. నేను ఒకసారి ఆన్‌లైన్లో స్టాండుతో సహా వచ్చే మెరుపుల సెట్టు ఒకటి తెప్పించుకున్నాను. ఒక పక్క బ్లేడు కనపడీ కనపడకుండా, రెండో పక్క గోరు మందాన బయటికి. ఎడమ చెంప బాగానే తెగేది, కుడి చెంప మండేది. నా చెయ్యే బాగాలేదనుకుని నెల రోజులు అలాగే గీసుకున్నాను.

తాతగారి పాత రేజర్ ఇంట్లో ఉంటే కొత్తది కొనక్కర్లేకపోవచ్చు. గిన్నెలు తోమే లిక్విడ్, పాత టూత్‌బ్రష్షు, వేడి నీళ్లతో సందులన్నీ కడిగి, ఇదే పరీక్ష పెట్టండి. పూత లేచి పెచ్చులూడిపోతుంటే షోకేసులో పెట్టుకోవడమే.

5. బ్లేడ్లు

టోపాజ్, సెవెన్ ఓ క్లాక్, సూపర్‌మ్యాక్స్, విల్కిన్సన్ స్వోర్డ్ లాంటి వాటిలో మూడు రకాలు, ఐదేసి బ్లేడ్ల ప్యాకెట్లు తీసుకోండి. మాకు మూడూ కలిపి 75 అయింది. ఒకరి చర్మానికి పడినది ఇంకొకరికి పడదు, వాడి చూడాల్సిందే. ఫెదర్ అనే జపాన్ బ్లేడు పదునుకు పేరుపడ్డది, చెయ్యి కుదిరేదాకా దాని జోలికి పోవద్దు. అలాగని పదును లేని బ్లేడు క్షేమమనుకోకండి, అది కోయదు, లాగుతుంది. కుర్రాడి మెత్తటి గడ్డానికి ఒక్కో బ్లేడు నాలుగైదు సార్లు వస్తుంది. వెంట్రుక పట్టి లాగినట్టనిపించిన రోజే మార్చేయాలి. బ్లేడు మాత్రం తండ్రీకొడుకులు కూడా పంచుకోకూడదు.

6. పటిక, పై పూత

సెలూన్లో రాసే పటిక రాయే, ఇరవై రూపాయల ముక్క. చిన్న గాట్ల నెత్తురు ఆపుతుంది. దాని రెండో ఉపయోగం నేర్చుకునేవాడికి మరీ మంచిది. గీసుకుని చల్లనీళ్లతో కడుక్కున్నాక తడి పటిక మొహమంతా రాస్తే, ఎక్కడ మండిందో అక్కడ చెయ్యి ఎక్కువ నొక్కినట్టు. వాడు ఎంత తేలిగ్గా గీశానని చెప్పినా పటిక అబద్ధం చెప్పదు. అర నిమిషం ఆగి కడిగేసుకోవాలి.

స్పిరిట్ ఘాటుండే ఆఫ్టర్ షేవ్ కుర్రాళ్లకు సరదా. మొటిమల చర్మాన్ని ఎండగట్టేస్తుంది, వద్దు. వాసన లేని పల్చటి మాయిశ్చరైజర్ చాలు. కొబ్బరినూనె రాయమని ఇంట్లో అంటారు. తలకు మంచిదే గానీ మొటిమలొచ్చే మొహం మీద రంధ్రాలు పూడ్చేస్తుంది.

ఎక్కడ కొనాలంటే, గుంటూరులో పట్నం బజారు, బెజవాడలో వన్ టౌన్ వైపు సెలూన్లకు సరుకు వేసే కొట్లు చూడండి. చేత్తో పట్టుకుని చూసి కొనుక్కోవచ్చు. రేజర్ 750, బ్రష్షు 350, క్రీము 85, బ్లేడ్లు 75, పటిక 20. మా లెక్క అంతే.

7. బ్లేడు లేకుండా, బెలూన్ మీద

రేజర్ విప్పి బిగించడం ముందు. మూతను వంపు కిందికి వచ్చేలా తిరగేసి పెట్టి, బ్లేడును పొట్టి అంచుల దగ్గర పట్టుకుని దాని మీద కూర్చోబెట్టాలి, పైన పళ్లెం, ఆపైన పిడి. బిగించేటప్పుడు కూడా తలను పొట్టి అంచుల వైపే పట్టుకోవాలి, పొడుగు అంచుల మీద వేలు పడకూడదు. పదిసార్లు మీ ఎదురుగా చేయించండి.

తర్వాత బ్లేడు తీసేసి, మొహానికి నురుగు రాసి, ఖాళీ రేజర్‌తో గీయించండి. మూతను చెంపకు ఆనించి పిడిని నేలకు సమాంతరంగా పట్టుకోవాలి. అక్కణ్ణుంచి పిడిని మెల్లగా కిందికి దించుతూ వస్తే సుమారు 30 డిగ్రీల దగ్గర పళ్లెం గట్టు కూడా చర్మానికి తగులుతుంది. ఆ వాలు చేతికి అలవాటు కావాలి.

ఆఖరు పరీక్ష బెలూన్. గట్టిగా ఊదిన బెలూన్‌కు నురుగు పట్టించి, ఈసారి బ్లేడు వేసి, పగలకుండా నురుగంతా తీయాలి. మా వాడు మొదటిది రెండో గీతకే పేల్చాడు. నురుగు గోడకు, నా కళ్లజోడుకు, మా అమ్మ ఆరేసుకున్న చీరకు అంటింది. మూడో బెలూన్ మీద మాటాపలుకూ లేకుండా, ఊపిరి బిగబట్టి, పూర్తిగా తీసేశాడు. రేజర్ బరువే పని చేస్తుంది, చెయ్యి దాన్ని నడిపించడానికే అని నోటితో ఎన్నిసార్లు చెప్పినా ఎక్కనిది అప్పుడెక్కింది.

8. మొదటి గీత

పెళ్లికో పరీక్షకో వెళ్లే రోజు పొద్దున్న మొదలుపెట్టకండి. తీరిక ఉన్న రోజు, స్నానం అయిన వెంటనే కూర్చోండి. వేడినీళ్లకు వెంట్రుక మెత్తబడి ఉంటుంది. అంతకుముందు రెండు రోజులు గీయకుండా ఉంటే వెంట్రుక ఎటు వాలి ఉందో తెలుస్తుంది. వేలితో నిమిరి చూడాలి, నున్నగా జారితే వాలు అటు, గరుకుగా తగిలితే ఎదురు. చెంపల మీద మామూలుగా కిందికే ఉంటుంది. మెడ మీద మాత్రం ఒక్కొక్కరికి ఒక్కోలా, పక్కకూ పైకీ కూడా ఉంటుంది. కాగితం మీద మొహం బొమ్మ గీసి బాణం గుర్తులు పెట్టించండి.

మొదటి ఐదారు సార్లు ఒకే ఒక్క విడత, అదీ వాలుకే. సెలూన్లో చేసినట్టు రెండోసారి ఎదురు గీయడం ఇప్పుడొద్దు. కాస్త గరుకు మిగిలితే మిగలనివ్వండి.

చెంపలతో మొదలుపెట్టాలి, అక్కడ చదునుగా ఉంటుంది. రెండు వేళ్ల వెడల్పు గీత, ఎత్తడం, మళ్లీ గీత. నాలుగైదు గీతలకోసారి జాడించి రెండో వైపు తిప్పుకోవాలి. చెవి పెట్టి వింటే బ్లేడు సరైన వాలులో ఉన్నప్పుడు సన్నగా సరసరమంటుంది. శబ్దం లేదంటే వాలు తప్పింది, నురుగే తీస్తున్నాడు. పై పెదవికి పెదవిని పళ్ల మీదకు బిగించి, పైనుంచి కిందికి పొట్టి పొట్టి గీతలు. గొంతు ముడి దగ్గర చర్మాన్ని వేలితో పక్కకు లాగి, ముడి మీద కాకుండా పక్కన గీయాలి. గడ్డం మలుపు అన్నిటికంటే కష్టం. అక్కడ ప్రతి గీతకూ పిడి వాలు మార్చుకోవాలి. నా గడ్డం కింద ఎడమ పక్క ఉన్న తెల్ల గీత అక్కడిదే. మా నాన్న డ్యూటీకి వెళ్లాక ఆయన రేజర్ తీసి, ఒంటి సబ్బు రుద్దుకుని, పాత బ్లేడుతో ఒక్క ఊపున చెవి నుంచి గడ్డం దాకా లాగాను. సాయంత్రం ఆయన వచ్చి చూసి ఏమీ అనలేదు, పటిక తెచ్చి చేతిలో పెట్టారు.

రేజర్‌ను అడ్డంగా, అంటే బ్లేడు పొడుగు దిశలో, ఒక్క వెంట్రుకవాసి కూడా జరపకూడదు. గాట్లు దాదాపు అన్నీ అలాగే పడతాయి. నురుగు పోయిన చోట మళ్లీ గీయాలంటే మళ్లీ నురుగు రాయాల్సిందే. తెగితే చల్లనీళ్లు, తడి పటిక ఒక నిమిషం నొక్కి పట్టడం, అంతే, టెన్షన్ పడక్కర్లేదు. లోతుగా తెగి నొక్కినా ఆగకపోతే డాక్టరు దగ్గరికి.

9. హాస్టలుకు వెళ్లేటప్పుడు

మా వాడు గూడవల్లి వైపు ఇంటర్ హాస్టల్లో ఉంటాడు. అక్కడ పిల్లల దగ్గర బ్లేడ్లు కనపడితే తీసేసుకుంటారట, అదీ రసీదు ఇవ్వకుండా. కిట్టు సర్దే ముందే వార్డెన్‌ను అడిగి తెలుసుకుంటే మంచిది. ఒప్పుకోకపోతే అక్కడికి ట్రిమ్మరు, ఇంటికొచ్చినప్పుడు రేజరు. విమానంలో చేతి సంచిలో బ్లేడ్లు ఒప్పుకోరు, చెక్ ఇన్ సామానులో వేయాలి.

వాడాక పిడిని ఒక మర వదులు చేసి, నీళ్ల కింద జాడించి, విదిలించి నిలబెట్టాలి. బ్లేడు అంచును తువ్వాలుతో తుడవకూడదు, పదునూ పోతుంది, తువ్వాలూ తెగుతుంది. వారానికోసారి మొత్తం విప్పి టూత్‌బ్రష్షుతో తోమాలి. బ్రష్షును బాగా కడిగి విదిలించి గాలి తగిలే చోట పెట్టాలి, తడి బాత్రూంలో మూత పెట్టిన డబ్బాలో కాదు.

వాడేసిన బ్లేడ్లు చెత్తబుట్టలో వేయకండి. పొద్దున్నే చెత్త బండి వాళ్లు ఆ సంచుల్లో చేతులు పెట్టే తడి చెత్త, పొడి చెత్త వేరు చేస్తారు. మూత గట్టిగా ఉన్న రేకు డబ్బా ఒకటి తీసుకుని, మూతకు బ్లేడు పట్టేంత సన్నటి చీలిక పెట్టించండి. మాది పాత హార్లిక్స్ రీఫిల్ పోసుకునే రేకు డబ్బా. నిండాక చీలికకు టేపు వేసి, పైన "బ్లేడ్లు" అని పెద్దక్షరాలతో రాసి, చెత్త బండి అతనికి చేతికిచ్చి చెప్పాలి. బ్లేడ్లు ఎంత పల్చనంటే మా ఇంట్లో ఇద్దరం వేస్తున్నా ఆ డబ్బా ఇంకా అడుగే దాటలేదు.